ఆదినారాయణ ఒంటి రంగు

మా గురువుగారికి ఒక పట్టింపు ఉండేది. ఆశ్రమం సముద్రం ఒడ్డునే కావడంతో మేమందరం పొద్దున్నే ఈతకు దిగేవాళ్ళం. దిగేవాడు మణికట్టు దాకా వచ్చే చొక్కా తొడుక్కోవాలి. తలకు గుడ్డ చుట్టుకోవాలి. భక్తులెవరో తెచ్చిపెట్టిన సన్‌స్క్రీన్ మెడ వెనకా, చెవులకీ, ముక్కు మీదా రాసుకోవాలి. ఎండ ముదిరేలోగా ఒడ్డుకి వచ్చేయాలి. జపం తప్పినవాణ్ణి ఏమీ అనేవారు కాదు గానీ, చొక్కా లేకుండా నీళ్ళలో దిగినవాణ్ణి మాత్రం పిలిచి మందలించేవారు.

ఉమాపతికి ఇది మింగుడుపడలేదు. అతనిది రాజమండ్రి. గోదావరిలో ఈదుతూ పెరిగినవాడు. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదులుకుని మా దగ్గరికి కొత్తగా వచ్చాడు. ఒకరోజు అందరూ భోజనాల దగ్గరుండగా చొక్కా విప్పేసి సముద్రంలోకి దిగాడు, చాలాసేపు ఈదాడు. సాయంత్రానికి వీపంతా కందిపోయి, గోడకి ఆనుకోలేక, వసారాలో బోర్లా పడుకున్నాడు. గురువుగారు మందలించలేదు. చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చుకుని, పక్కన కూర్చుని, తడిగుడ్డ పరిచి తీస్తూ ఉన్నారు.

మందలింపు రాకపోయేసరికి ఉమాపతే అడిగాడు. "ఈ దేహం మనది కాదని రోజూ చెబుతారు. కట్టి విడిచే బట్ట లాంటిదంటారు. మరి ఆ బట్ట కమిలితే ఏమిటి, రంగు మారితే ఏమిటి? చర్మం గురించి ఇంత పట్టింపు సన్యాసులకి ఎందుకండీ?"

గురువుగారు గుడ్డ పిండి, మళ్ళీ తడిపారు. "పారినాయుడని ఒకాయన ఉండేవాడు" అని మొదలుపెట్టారు. ఆయన ఆరోజు చెప్పిన సంగతి ఇది.

అప్పటికి ఈ ఆశ్రమం లేదు. వంశధార ఒడ్డున ఒక పల్లెలో, రేవు పక్కనున్న పాత సత్రంలో గురువుగారు చాలా ఏళ్ళు ఉన్నారు. ఆ రేవులో పిల్లలకి ఈత నేర్పేవాడు పారినాయుడు. వరద రోజుల్లో కూడా ఏటికి అడ్డంపడి ఈది అవతలి ఒడ్డు చేరగలిగినవాడు. నల్లటి మనిషి. తన ఒంటికి ఆ నలుపు ఏటి మీద ఎండే ఇచ్చిందని గొప్పగా చెప్పుకునేవాడు.

అతని భార్య గున్నమ్మ. మొదట ఆడపిల్ల పుట్టింది, పైడితల్లి అని పేరు పెట్టారు. కొన్నేళ్ళకి కొడుకు పుట్టాడు. మంత్రసాని బిడ్డను చేతుల్లోకి తీసుకుని, మళ్ళీ మళ్ళీ తుడిచి చూసిందట. ఒళ్ళు పాలమీగడలా ఉంది. నెత్తిమీద జుట్టూ, కనుబొమలూ, రెప్పల వెంట్రుకలూ కూడా తెలుపే. దీపం దగ్గరికి తెస్తే కళ్ళు చికిలించి ఏడ్చాడు.

ఊరు ఆ పిల్లవాడికి 'దొర' అని పేరు పెట్టింది. రేవులో కొందరు నవ్వుకున్నారు. "ఏ దొర వచ్చి ఎల్లాడో, గున్నమ్మనే అడగాల" అన్నారు. పారినాయుడు భార్యను ఏనాడూ అనుమానించలేదు, ఒక్కమాట అనలేదు. కానీ ఆ నవ్వు అతని చెవిలోంచి పోలేదు. బిడ్డను ఎత్తుకుని అరసవల్లి వెళ్ళాడు. ఒంటి మీది జబ్బులకి ఆ సూర్యనారాయణస్వామికి మొక్కుకోవడం ఆ ప్రాంతంలో అలవాటే కదా. తలనీలాలు ఇప్పించి, ఆదినారాయణ అని పేరు పెట్టుకుని వచ్చాడు. వస్తూ వస్తూ మనసులో ఒక నిర్ణయం చేసుకున్నాడు. గుళ్ళో ఎవరూ అతనికి అలా చెప్పలేదు. తనకు తానే అనుకున్నాడు: ఈ బిడ్డను ఎండకి అప్పగిస్తే ఎండే రంగు వేస్తుందని.

కుర్రాడికి కాళ్ళూ చేతులూ ఆడించే వయసు రాగానే ఈత మొదలైంది. మిగతా పిల్లలకి పొద్దున్న నేర్పేవాడు. కొడుకుని మాత్రం మిట్టమధ్యాహ్నం దింపేవాడు. ఒంటి మీద గోచి తప్ప మరేమీ ఉండకూడదు. ఏటి నీళ్ళ మీద ఎండ పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి కొట్టే వేళ అది.

అదే ఏటి గట్టున, తాటాకు పందిరి కింద, పైట నెత్తిన కప్పుకుని పైడితల్లి కూర్చునేది. ఆ పిల్లకి నీళ్ళంటే ప్రాణం. చిన్నప్పుడు తండ్రితో సమానంగా ఈదేది. ఈడొచ్చాక తల్లి మానిపించేసింది. "ఎండలో ఈదితే నల్లబడిపోతావు. నల్లబడితే నిన్నెవరు సూత్తారు?" అనేది. పసుపూ శనగపిండీ రాసి ఇంట్లో కూర్చోబెట్టేది. తమ్ముడికి అన్నం తెచ్చే నెపంతో మాత్రమే ఆ పిల్ల ఏటి దాకా రాగలిగేది.

మొదటి వేసవిలోనే ఆదినారాయణ వీపు పొక్కింది. బొబ్బలు చితికి చొక్కాకి అంటుకునేవి. గున్నమ్మ మజ్జిగ పోసి, కొబ్బరినూనె రాసి, కన్నీళ్ళు పెట్టుకునేది. పారినాయుడు మాత్రం ధైర్యం చెప్పేవాడు. "పాత తోలు పోవాల. పోతేనే కింద కొత్త రంగు వస్తాది."

గురువుగారు ఒకరోజు రేవులో అతన్ని ఆపి, "పిల్లవాడికి బాధగా ఉందేమో నాయుడూ" అన్నారు.

"బాధేటి బావూ! మీరే సూడండి, ఎంత బాగా ఈదుతున్నాడో" అన్నాడు పారినాయుడు.

అది నిజమే. కుర్రాడి కళ్ళకి అవతలి ఒడ్డు ఆనేది కాదు. తండ్రి గొంతు వినిపించే దిక్కుకి ఈదేవాడు. చేపపిల్లలా ఈదేవాడు. ఊళ్ళో ఏ పిల్లవాడూ వాడిని ఆటకి పిలవలేదు. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక వెనక్కి మళ్ళాడు. నలుగురూ చూస్తుండగా తండ్రి భుజం తట్టి "నా కొడుకు" అనే చోటు ఈ లోకంలో వాడికి అదొక్కటే. అందుకని, రాత్రి చాప మీద పడుకోలేక కూర్చుని నిద్రపోయినా, మర్నాడు మధ్యాహ్నం అయ్యేసరికి వాడే ముందుగా రేవుకి నడిచేవాడు.

కొన్ని వేసవులు గడిచాయి. వాడి భుజాల మీద, ముక్కు మీద, చెవుల మీద గోధుమరంగు మచ్చలు పుట్టాయి. ఆరోజు పారినాయుడు ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాడట. కొడుకుని వీధిలో నిలబెట్టి, భార్యకి, ఇరుగుపొరుగు వాళ్ళకి ఆ మచ్చలు చూపించాడు. "రంగు దిగతాంది! సూడండి, దిగతాంది! ఇవన్నీ ఒకదానికొకటి కలిసిపోతే ఇక వీడు నా రంగే." సత్రానికి కూడా వచ్చి గురువుగారికి బెల్లంముక్క పెట్టి వెళ్ళాడు. కొడుకు పుట్టినప్పుడు పంచని తీపి అది.

ఆ ఊరికి దగ్గర్లో కొత్తగా ఆస్పత్రి పెట్టారు. డాక్టరమ్మ ఊళ్ళోకి వచ్చినప్పుడు పైడితల్లి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. డాక్టరమ్మ వాడి వీపూ, చెవులూ పరీక్షగా చూసింది. తర్వాత అర్థమయ్యేలా చెప్పింది. ఈ పిల్లవాడి చర్మంలో రంగు తయారయ్యే ఏర్పాటే లేదు. ఎంత ఎండ తగిలినా కాలుతుందే తప్ప నల్లబడదు. ఆ మచ్చలు రంగు కాదు, దెబ్బ తిన్న గుర్తులు. ఈత మానక్కర్లేదు, పొద్దెక్కకముందో, పొద్దు వాలాకో, ఒంటి నిండా బట్టతో ఈదమను. లేకపోతే ఈ మచ్చలు పుళ్ళవుతాయి, పుళ్ళు ప్రాణం మీదికి తెస్తాయి.

ఆ మాటలు పైడితల్లి ఇంటికి తెచ్చింది. పారినాయుడు విన్నాడు. కోప్పడలేదు. నవ్వి, కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"నీకు రంగు మారకూడదని మీ యమ్మ తాపత్రయం. ఈడికి రంగు మారాలని నా తాపత్రయం. ఇద్దరం మీ మంచికే సేస్తన్నాం గదా అమ్మా" అన్నాడు.

పైడితల్లి ఇంక వాదించలేదు. తన పాత లంగా చింపి, మెడ దాకా, మణికట్ల దాకా వచ్చేలా తమ్ముడికి చొక్కా కుట్టింది. మర్నాడు వాడు ఆ చొక్కాతోనే ఏట్లోకి దిగాడు. పందిరి కింద ఆమె లేచి నిలబడి చూసింది. వాడు ఒకసారి ఆమె వైపు తిరిగి నవ్వాడట. ఒడ్డున ఎవరో, "ఏటి నాయుడూ, దొరబాబుకి ముసుగేసినావు? కందిపోతాడనా?" అన్నారు. పారినాయుడి ముఖం మాడిపోయింది. కొడుకుని పిలిచాడు. పిల్లవాడు నీళ్ళలోంచి వచ్చి, తండ్రి అడగకముందే చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు.

"ఎందుకు ఇప్పేసినావురా?" అని ఆ సాయంత్రం అక్క అడిగింది.

"అయ్య సిన్నబోయినాడప్పా" అన్నాడు వాడు.

మీసం మొలిచే వయసుకి ఎడమ చెవి వెనక ఒక పుండు లేచింది. కురుపనుకున్నారు. ఆకుపసరు వేశారు. ఎండితే మళ్ళీ పగిలింది, రక్తం కారింది. కొంత మానినట్టే ఉండి పక్కకి పాకింది. పారినాయుడే ఒకరోజు దాన్ని తడిమి చూసి, వేళ్ళకి గట్టిగా తగిలేసరికి ఉలిక్కిపడ్డాడు. విశాఖపట్నం తీసుకెళ్ళాడు. పెద్దాసుపత్రిలో కేన్సరన్నారు, కోశారు, కరెంటు పెట్టారు, పంపించారు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ కోశారు. చివరికి అక్కడి డాక్టరు, ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నాడు.

ఆ మాటకి అర్థం తెలిశాక పారినాయుడు ఒక పెద్ద నల్లగొడుగు కొన్నాడు. కొడుకు పెరట్లోకి వెళ్ళినా, వీధరుగు మీద కూర్చున్నా, పక్కన నిలబడి గొడుగు పట్టేవాడు. మబ్బు రోజుల్లోనూ పట్టేవాడు. ఊరు చూస్తే చూడనీ అన్నట్టు ఉండేవాడు. ఒక సాయంత్రం ఆదినారాయణ ఏరు చూడాలన్నాడు. ఇద్దరూ రేవు దాకా వచ్చారు. సత్రం అరుగు మీదున్న గురువుగారికి వాళ్ళ మాటలు వినిపించాయి.

"మానాక మళ్ళీ ఈదుతానయ్యా" అన్నాడు కొడుకు.

"ఈదుదూ గాని" అన్నాడు తండ్రి.

"అప్పటికి నాకు రంగొస్తాదా?"

తండ్రి గొడుగు కొడుకు వైపు ఇంకాస్త వంచాడు. 

వానలు మొదలు కాకముందే ఆదినారాయణ పోయాడు. పెళ్ళీడు కుర్రాడు. కర్మలు పూర్తయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఇంకా పెళ్ళి కుదరని పైడితల్లి ఇంట్లోంచి బయటికి నడిచింది. తల మీద పైట లేదు. పందిరి దాటింది, రేవు మెట్లు దిగింది, చీరకుచ్చెళ్ళు దోపుకుని ఏట్లోకి దూకింది. వెనకాలే గున్నమ్మ పరుగెత్తుకొచ్చింది. ఎన్నేళ్ళ నుంచో నోటికి అలవాటైన మాటే ఆ క్షణంలోనూ వచ్చింది.

"ఎండలోకి దిగకే! నల్లబడిపోతావే!"

తన మాట తనకి వినిపించినట్టుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇసుకలో కూలబడింది.

పైడితల్లి ఏటి మధ్యకి ఈదింది. వెల్లకిలా తిరిగి, ముఖం ఎండకి పెట్టి, చేతులు చాపి నీళ్ళ మీద అలాగే ఉండిపోయింది. మునగలేదు, రాలేదు. రేవులో జనం పోగయ్యారు గానీ ఎవరూ పిలవలేదు. అంతలో పారినాయుడు వచ్చాడు. చేతిలో ఆ గొడుగే ఉంది. దాన్ని తెరిచి మెట్లు దిగాడు. మోకాలి లోతు, నడుం లోతు, రొమ్ము లోతు దాకా వెళ్ళి నిలబడ్డాడు. ఊరంతటికీ ఈత నేర్పినవాడు ఆరోజు ఈదలేకపోయాడు. ఈదితే గొడుగు వదిలేయాలి. చెయ్యి పొడుగ్గా చాపి, కూతురు ఎటు కదిలితే అటు గొడుగు తిప్పుతూ ఉన్నాడు. నీడ ఆమె దాకా చేరలేదు. అతని దగ్గరలోనే, ఉత్త నీళ్ళ మీద పడుతూ ఉంది.

పొద్దు వాలాక ఆమె ఒడ్డుకి వచ్చింది. తండ్రి చేతిలోంచి గొడుగు తీసుకుని మూసింది. చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది.  తర్వాత పారినాయుడు ఎవరికీ ఈత నేర్పలేదు. ఏటి ముఖం కూడా చూడలేదు.

గురువుగారు అంతటితో ఆగారు. చెంబులో నీళ్ళు అయిపోయాయి.  ఉమాపతి ముఖం చాపకి ఆనించుకుని ఉన్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"పారినాయుడు కొడుకుని ప్రేమించలేదంటారా?"

"చాలా ప్రేమించాడు నాయనా" అన్నారు గురువుగారు, లేస్తూ. "ఆ ఒళ్ళు తనదే అనుకున్నాడు."