నీడ కొలిచి కొలువిచ్చిన ఎలుగుబంటి

అనగనగా ఒక అడవిలో నీడ కొలిచి ఉద్యోగాలిచ్చేవారు. నవ్వకండి పిల్లలూ, నిజంగానే కొలిచేవారు. ఎవరి నీడ పొడవుగా ఉంటే వాళ్ళకి పెద్ద పని. ఎవరి నీడ పొట్టిగా ఉంటే వాళ్ళకి చిన్న పని. కొలిచేది తీగతో. కొలిచేవాడు తిమ్మన్న అనే నక్క. సరే అని తలూపేవాడు ఆ అడవికి పెద్ద, బొంతయ్య అనే ఎలుగుబంటి.

ఆ ఏడు వానలు ముందుగానే వచ్చేలా ఉన్నాయి. వాగు ఒడ్డున, పల్లంలో, చేమంతి అనే కుందేలు బొరియ ఉంది. అందులో కళ్ళు కూడా తెరవని పిల్లలున్నాయి. వాగు పొంగితే బొరియ మునిగిపోతుంది. అందుకని ఒడ్డున మట్టికట్ట వేద్దామని బొంతయ్య అందరినీ పిలిచాడు.

తెల్లారకముందే లేచే అలవాటు కొంగది. అది సూర్యుడితో పాటే మైదానానికి వచ్చి నిలబడింది. దాని నీడ మైదానం ఈ చివర మొదలై ఆ చివర దాకా పోయింది. తిమ్మన్న తీగ చాలక ఇంకో తీగ ముడివేశాడు.

"అబ్బో, మహా బలశాలి. దుంగలు మోసే పని కొంగక్కకి," అన్నాడు.

తర్వాత ఉడుత వచ్చింది. ఇంకా పొద్దు పైకెక్కలేదు కాబట్టి దాని నీడా బాగానే సాగింది. మట్టి తవ్వే పని ఉడుతకి దక్కింది.

ఏనుగు తీరిగ్గా స్నానం చేసి, అడవిపందిని కూడా వెంటబెట్టుకుని, మిట్టమధ్యాహ్నం వచ్చింది. అప్పటికి నీడలు కాళ్ళ కిందికి దూరిపోయాయి. తిమ్మన్న వంగి వెతికి, "పాపం, బొత్తిగా ఏమీ లేదు. మీరిద్దరూ పక్కన కూర్చుని పాట పాడండి, పనివాళ్ళకి హుషారుగా ఉంటుంది," అన్నాడు.

పని మొదలైంది. కొంగ దుంగ కింద మెడ పెట్టింది. మోకాళ్ళ దాకా బురదలో దిగిపోయింది కానీ దుంగ కదల్లేదు.

బొంతయ్య వచ్చి, "ఏమ్మా, మోస్తున్నావా?" అని అడిగాడు.

"నేను మోస్తూనే ఉన్నాను పెద్దయ్యా. దుంగే రావడం లేదు," అంది కొంగ మర్యాదగా.

ఉడుత పిడికెడు మట్టి తీసి, అలిసిపోయి, జామకాయ తిని, మళ్ళీ పిడికెడు తీసింది. ఏనుగూ పందీ గొంతు కలిపి పాడుతుంటే చెట్ల మీది పిట్టలు పక్క అడవికి వలస పోయాయి.

ఇది చూసి చేమంతి పరుగున పోయి, "పెద్దయ్యా, ఈ నీడల లెక్క మానండి. నా పిల్లలు మునిగిపోతారు," అంది.

"మా తాత కొలిచాడు, మా నాన్న కొలిచాడు. ఇప్పుడు నువ్వొచ్చి మానమంటే ఎలా తల్లీ?" అన్నాడు బొంతయ్య.

"అయితే రేపు మీ నీడా కొలుద్దాం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి."

మర్నాడు పొద్దున కొలిస్తే బొంతయ్య నీడ తాటిచెట్టంత ఉంది. ఆయన మీసం దువ్వుకున్నాడు. మధ్యాహ్నం కొలుద్దామంటే నీడ దొరకలేదు. ఆయన గిర్రున తిరిగాడు, ఒంటికాలు ఎత్తి చూశాడు, పొట్ట పక్కకి జరిపి చూశాడు.

"మధ్యాహ్నం పూట మీరు మా పెద్దయ్య కాదా మరి?" అని అడిగింది చేమంతి.

బొంతయ్య సిగ్గుపడ్డాడు. "సరే, ఏం చేద్దామో నువ్వే చెప్పు," అన్నాడు.

"అందరితో అన్ని పనులూ తలో కాసేపు చేయిద్దాం. ఎవరు చేస్తే కట్ట పెరుగుతుందో ఆ పని వాళ్ళది."

కట్ట పక్కన ఒక వెదురుబొంగు పాతారు. ఒకరి వంతు అయిన ప్రతిసారీ కట్ట ఎంత లేచిందో దాని మీద గీత గీశారు. దుంగలకి ఏనుగు దిగితే గీత ఎగిరి పైకెక్కింది. మట్టికి పంది దిగితే మళ్ళీ ఎక్కింది. పంది సంతోషం పట్టలేక బురదలో నాలుగు పొర్లు పొర్లింది.

ఇక పాట. "అందులో చూసేదేముంది? కోయిలే పాడాలి," అంది చేమంతి గట్టిగా.

కోయిల పాడింది. ఎంత బాగుందంటే అందరూ పని వదిలేసి, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ నిలబడ్డారు. వెదురు మీద గీత ఉన్నచోటే ఉంది.

"పాట బాగుంది తల్లీ. కట్టే పెరగలేదు," అన్నాడు బొంతయ్య.

ఆ తర్వాత తిమ్మన్న ఊళ ఎత్తుకున్నాడు. అయ్యబాబోయ్, చెవులు చిల్లులు పడ్డాయి. పని అయితేగానీ వీడు ఆపడని అందరూ ఉరుకులు పరుగుల మీద పని చేశారు. గీత సర్రున లేచింది. చేమంతి నోరు తెరిచి చూసింది. తన ఊహా తప్పయిందని ఒప్పుకుని నవ్వేసింది. పాటగాడి ఉద్యోగం తిమ్మన్నదే అయింది. తన పాట ఇంతమందికి నచ్చిందని అతను ఇప్పటికీ మురిసిపోతుంటాడు.

కట్ట పూర్తవుతుండగా వాన విరుచుకుపడింది. వాగు పొంగింది. కట్ట నిలిచింది కానీ ఒకచోట బెజ్జం పడి నీళ్ళు బుసబుసా బొరియ వైపు రాసాగాయి. కొంగ రాయి పెడితే కొట్టుకుపోయింది. ఉడుత గడ్డి కుక్కితే అదీ పోయింది. పంది మట్టి పోస్తే కరిగిపోయింది. చేమంతి పిల్లలకి అడ్డంగా నిలబడి ఏడ్చేసింది.

అది చూసి బొంతయ్య పరుగెత్తుకొచ్చాడు. కంగారులో కాలు జారి, వెనక్కి పడి, సరిగ్గా బెజ్జంలో కూర్చుండిపోయాడు.

నీళ్ళు ఆగిపోయాయి.

ఆయన లేవబోతే చుక్క కారింది. కూర్చుంటే ఆగింది. మళ్ళీ లేచి చూస్తే మళ్ళీ కారింది. "ఇదిగో, రుజువైంది," అని ఆయన హాయిగా చేరగిలబడ్డాడు.

వాన తగ్గేదాకా అక్కడే ఉన్నాడు. చేమంతి ఆయనకి తేనె తినిపిస్తూ, కళ్ళు తుడుచుకుంటూ, "ఎన్నేళ్ళుగానో మా మీద పెద్దరికం చేస్తున్నారు కానీ పెద్దయ్యా, మీరు కూర్చోవాల్సిన చోట కూర్చున్నది ఈ రోజే," అంది.

నీతి: ఎవరికి ఏ పని అప్పగించాలో అలవాటునో ఊహనో అడగకూడదు. చేయించి చూసి, కనిపించిన ఫలితాన్ని అడగాలి.