ఎనిమిది దినాల కట్టు

సుంకన్నకు ఐదేళ్ళుగా ఒకటే దిగులు. హుస్సేనప్ప తాత దగ్గర అన్నీ నేర్చుకున్నాడు. కానీ తాత ఇంతవరకూ అతని చేత ఒక్క కట్టు కట్టించలేదు.

అది నాపరాళ్ళ గనుల ఊరు. రోజూ ఎవరిదో ఒక చెయ్యో కాలో విరిగేది. హుస్సేనప్ప దూదేకుల ఇంట్లో పుట్టి, ఒక ఫకీరు దగ్గర ఎముకలు కూర్చే విద్య నేర్చాడు. ఆయన వేళ్ళు ఒకసారి తడిమితే లోపల ఎముక ఎక్కడ పక్కకు పోయిందో తెలిసిపోతుందని ఊరివాళ్ళ నమ్మకం. మాట మాత్రం మహా పొదుపు.

సుంకన్నకు ముప్పై దగ్గర పడుతున్నాయి. వెదురు బద్దలు నునుపుగా చెక్కడంలో, కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి గుడ్డకు పట్టించడంలో అతనికి వంక పెట్టడానికి లేదు. ఎవరికి నల్లేరు పచ్చడి పెట్టాలో, ఎవరికి ఉలవచారు పొయ్యాలో, ఎవరిని పొద్దుటెండలో కూర్చోబెట్టాలో అడిగితే గడగడా చెప్పేస్తాడు. అడక్కపోయినా చెప్తాడు.

ఒక గురువారం పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, నాకెప్పుడు కట్టనిస్తావు? ఈ ఐదేండ్లలో నీ మాట ఎప్పుడన్నా దాటినానా?"

"ఒకసారి దాటినావు" అన్నాడు తాత, దూది విడదీస్తూ.

సుంకన్న ముఖం ఎర్రబడింది. చేరిన మొదటి ఏడు సంగతి అది. ఒక గొర్రెల కాపరి కాలికి తాత కట్టిన కట్టును, లోపల ఎట్లా ఉందో చూద్దామని మూడో రోజే విప్పాడు. కూర్చిన ఎముక కదిలిపోయింది. తాత మళ్ళీ లాగి కూర్చేటప్పుడు ఆ కాపరి అరిచిన అరుపు సుంకన్నకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజే తాత అన్నాడు: "నేను కట్టిన కట్టు ఎనిమిది దినాలు ముట్టుకోవద్దు." సుంకన్న మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు.

ఆ సాయంత్రమే మద్దిలేటిని తీసుకొచ్చారు. గనిలో రాతి పలక జారి కుడి ముంజేతి మీద పడింది. పక్కనే భార్య ఈరమ్మ, ఏడవడానికి కూడా భయపడుతూ నిలబడింది. మద్దిలేటి ఆ ఊళ్ళో రాయి కొట్టడంలో పెద్ద పనివాడు. ఆ చేత్తోనే ఇంట్లో ఐదుగురు తింటున్నారు.

తాత లాగి, కూర్చి, దూది చుట్టి, బద్దలు పెట్టి కట్టాడు. మర్నాడు పక్క ఊళ్ళో తన గురువైన ఫకీరు దర్గాలో ఉరుసు పండుగ. తెల్లారకముందే బస్సు ఎక్కాలి.

"మాపటికి వస్తా. చూసుకో" అన్నాడు సుంకన్నతో. అంతే.

శుక్రవారం పొద్దున్నే మద్దిలేటి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"సుంకన్నా, కట్టు పట్టేస్తా ఉండాది. వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టుండాయి. రెప్పపాటు నిద్ర లేదు."

వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. సుంకన్న చూశాడు. చూడలేదని అనడానికి లేదు.

"విరిగిన చెయ్యి నొప్పి పుట్టకుండా ఉంటాదా మామా? ఎముక అతుక్కుంటా ఉంది. నల్లేరు పచ్చడి రెండు పూటలా తిను. చెయ్యి కిందికి వేలాడెయ్యొద్దు" అన్నాడు, అచ్చం తాత గొంతుతో.

మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. మద్దిలేటి పళ్ళు బిగించి నిలబడ్డాడు. ఎడమ చేత్తో కుడిచేతి వేలు ఒకటి చాపబోయి కెవ్వుమన్నాడు.

"కొంచెం వదులు చెయ్యి నాయనా" అంది ఈరమ్మ.

సుంకన్న కట్టు మీద చెయ్యి వెయ్యబోయాడు. ముడి మీదికి వెళ్ళిన వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. కాపరి అరుపు చెవుల్లో మోగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది తాత కట్టిన కట్టు. ఎనిమిది దినాలు దీన్ని ముట్టుకునే హక్కు నాకు లేదు."

"మరి మేమేం చెయ్యాల?"

"ఓర్చుకోవాల."

వాళ్ళు వెళ్ళిపోయాక సుంకన్నకు అన్నం సయించలేదు. అయినా మనసులో ఒక మూల గర్వంగానే ఉంది. ఈసారి మాట దాటలేదు.

మూడు గంటలప్పుడు ఈరమ్మ ఒక్కతే వచ్చింది. ముఖం కాస్త తేటపడింది.

"నొప్పి పోయింది నాయనా. పండుకున్నాడు. చెయ్యి ఉన్నట్టే తెలియడం లేదంట."

సుంకన్నకు ప్రాణం లేచొచ్చింది. "నేను చెప్పలా?" అన్నాడు. ఆమెకు ఒక దోసెడు ఉలవలు కూడా ఇచ్చి పంపాడు.

పొద్దు వాలుతుండగా తాత బస్సు దిగి వచ్చాడు. చెప్పులు విడవకముందే అడిగాడు.

"మద్దిలేటి ఎట్లుండాడు?"

"పొద్దున నొప్పి నొప్పని ఒకటే గోల తాతా. నేను కట్టు ముట్టుకోలేదు. ఇప్పుడు నొప్పి పోయింది."

తాత ఆగిపోయాడు.

"తగ్గిందా, పోయిందా?"

"పోయింది. చెయ్యి ఉన్నట్టే తెలియడం లేదంట."

తాత చేతిలో సంచి కింద పడేశాడు. డెబ్బై ఏళ్ళ మనిషి వీధిలో పరుగెత్తడం ఆ ఊరు అంతకు ముందెన్నడూ చూడలేదు. సుంకన్న అలవాటుగా కత్తెర పట్టుకుని తాత వెనకాల పరుగెత్తాడు. ఎందుకో అతనికి తెలియదు.

మద్దిలేటి మంచం మీద ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు. ఆ ప్రశాంతతే భయంగా ఉంది. వేళ్ళు తెల్లగా, మైనం ముద్దల్లా ఉన్నాయి. తాత బొటనవేలి గోరు నొక్కి వదిలాడు. తెలుపు తెలుపుగానే ఉండిపోయింది, నెత్తురు తిరిగి రాలేదు.

"కత్తెర."

"ఎనిమిది దినాలు కాలేదు గదా తాతా" అనేశాడు సుంకన్న. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది.

తాత అతని వైపు చూడను కూడా లేదు. చేతిలోని కత్తెర లాక్కుని, మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా కట్టును ఒకటే కోతగా కోసేశాడు. బద్దలు విడిపోయాయి. దూది కింద చర్మం నిగనిగలాడుతూ రాయిలా గట్టిపడి ఉంది.

అందరూ ఆ వేళ్ళనే చూస్తున్నారు. ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాత గోరు నొక్కాడు, వదిలాడు. మళ్ళీ నొక్కాడు. ఎంతసేపటికో బొటనవేలి కొసన కాస్త రంగు వచ్చింది. తర్వాత చూపుడు వేలికి. చివరి రెండు వేళ్ళు తెల్లగానే ఉన్నాయి.

"నా చేతిలో పని కాదిది. లారీని ఆపండి. పెద్దాసుపత్రికి పోవాల" అన్నాడు తాత.

నాపరాళ్ళ లారీలో, డ్రైవరు పక్కన మద్దిలేటిని, ఈరమ్మను కూర్చోబెట్టారు. దారి పొడుగునా తాత ఆ చేతిని తన రెండు అరచేతుల్లో కదలకుండా పట్టుకున్నాడు. వెనకాల రాళ్ళ మీద కూర్చున్న సుంకన్నను ఎవరూ పలకరించలేదు.

డాక్టరు చూడగానే లోపలికి తీసుకెళ్ళాడు. వాపు ఒత్తిడి పోవడానికి చర్మం కొయ్యాలన్నాడు. గంటకు బయటికి వచ్చాడు.

"చెయ్యి నిలిచింది. ఇంకాస్త ఆలస్యమైతే తీసెయ్యాల్సి వచ్చేది. చివరి రెండు వేళ్ళు మాత్రం ఇక సరిగ్గా చాపలేకపోవచ్చు."

"ఉలి పట్టుకోగలడా అయ్యా?" అని అడిగింది ఈరమ్మ.

"మూడు వేళ్ళతో అలవాటు చేసుకోవాలమ్మా."

హుస్సేనప్ప ఆమె ముందుకు వెళ్ళి చేతులు జోడించాడు.

"తప్పు నాది తల్లీ. వాపు ఇంకా పొంగుతుందని తెలిసీ బిగించినా. మర్నాడు చూడకుండా పోయినా."

ఈరమ్మ ముఖం తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సుంకన్న అది భరించలేకపోయాడు. తాత ఎవరి ముందైనా చేతులు జోడించగా అతను ఎప్పుడూ చూడలేదు. వరండాలో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తాత వచ్చి పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"నన్ను తిట్టు తాతా" అన్నాడు సుంకన్న. "కొట్టినా పడతా. కానీ నేను నీ మాట దాటలేదు. నువ్వు చెప్పినట్టే చేసినా."

తాత అతని చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. చిటికెన వేలి గోరు గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. గోరు తెల్లబోయింది. వదిలాడు. ఎరుపు తిరిగి వచ్చేదాకా ఇద్దరూ చూశారు.

"నేను నీకు చెప్పింది ఒక్కసారే సుంకన్నా" అన్నాడు తాత. "ఆ చెయ్యి పొద్దున్నుంచీ చెప్తానే ఉండింది."