మీగడ చూపిన దారి

ఈ వృత్తాంతాన్ని నాకు చెప్పినవారు, నాడు ఆ ఆపరేషన్ గదిలో పరికరాలందించిన సిస్టర్ సలోమి గారు. ఆవిడ చెప్పిన పదేళ్ల తరువాత, ఆ ఆపరేషన్ చేసిన భాస్కరమూర్తి గారిని అడిగితే విని, ఒక్క సవరణ మాత్రం చేశారు: మీగడ గిన్నెడు కాదు, చెంబెడు.

ఆ ఆపరేషన్ నాటికి భాస్కరమూర్తి గారు యువకుడు. తవిటమ్మ అనే ఆవిడకు మెడలో ఎడమ పక్కనున్న గడ్డను తీసివేశారు. గడ్డ పోయింది గాని, గాయం నుంచి నీరు కారడం ఆగలేదు. పన్నెండు రోజుల్లో మనిషి సగమైంది. గాయం మళ్లీ తెరిచి వెతికారు. ఏమీ కనబడలేదు.

గురువు జోగారావు గారి ఎదుట నిలబడి అన్నారు: "రక్తనాళం ఒక్కటి కూడా వదల్లేదు సార్. ఆ మెడలో ఇక నేనెరగనిది లేదు."

"అలాగా! అయితే రేపు తెల్లవారగానే ఆవిడకి మీగడ పట్టించు. మధ్యాహ్నం చూద్దాం."

తవిటమ్మ చెంబు వంక చూసి నవ్వింది. "ఇన్నాళ్లూ గంజినీళ్లతో సంపేసినారు. ఇప్పుడు మీగడేటి బాబూ? ఆకరి కోరికా?"

"తాగమ్మా. దారి నువ్వే చూపించాలి," అన్నారు జోగారావు గారు.

మధ్యాహ్నం గాయం తెరిచారు. అదే ఎరుపు, అదే తడి. శిష్యుడు చేయి చాచబోతే గురువు మణికట్టు పట్టుకుని ఆపారు. మత్తు డాక్టరుతో, "ఒక్కసారి ఊపిరి నిండా నింపి, నిలపండి," అన్నారు.

పెద్ద సిర వెనుక, అంతవరకు కొవ్వనుకున్న పొరలో, తెల్లని చుక్క ఒకటి ఉబికింది. ఊపిరి వదిలారు, ఆగింది. మళ్లీ నింపారు, మళ్లీ వచ్చింది. పొద్దున తాగిన మీగడ, పేగుల నుంచి వెన్ను వెంబడి మెడదాకా ఎక్కి, రక్తంలో కలిసే గుమ్మం దగ్గర, చిరిగిన సన్నని శోషరస నాళంలోంచి తొణుకుతోంది. కాలివేళ్ల దగ్గర రక్తంలోంచి జారిపోయిన నీరు కూడా ఆ చుక్కలోనే ఉంది. సలోమి గారు చేతిలోని పట్టకారు సంగతే మరిచారు.

"దీన్ని ఇంత ఎత్తుకు తెచ్చేదేది సార్?" శిష్యుడి గొంతు తగ్గిపోయింది.

"వెళ్లే రక్తానికి గుండె ఉంది మూర్తీ. తిరిగొచ్చే ఈ నీటికి ఊపిరే తోడు. కట్టెయ్యి."

"కట్టేస్తే మరి ఆ నీరు?"

"పక్కదారులున్నాయయ్యా. ఇల్లు చేరుకుంటుంది."

తవిటమ్మ ఆపై పద్దెనిమిదేళ్లు బతికింది, ఏ డాక్టరు ఎదురైనా "మీగడ తేనా బాబూ?" అని ఏడిపించేది. జోగారావు గారు ఎనభై ఒకటో ఏట పోయారు. సలోమి గారు మొన్నటి వేసవిలో.

భాస్కరమూర్తి గారు ఈనాటికీ, కుట్లు వేసేముందు, శిష్యులందరినీ ఒక్క ఊపిరి పాటు చేతులు ఆపమంటారు. ఎందుకో చెప్పరు.