మూడోసారి వాసన చూడని అడవిపంది

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున మెలికలు తిరిగే ఒక ఘాట్ రోడ్డు. ఒకరోజు ఆ రోడ్డు మలుపులో డీజిలు ట్యాంకరు బోల్తా పడింది. మనుషులు వచ్చి ట్యాంకరును పైకి లేపి తీసుకుపోయారు. ఒలికిన డీజిలును వాగు ఒడ్డున నేల తాగేసింది. దాని సంగతి వాళ్లకెందుకు? ఆ వాగు నీళ్లు తాగేది వాళ్లు కాదుగా!

వేసవిలో ఆ వాగు ఎండిపోతుంది పిల్లలూ. అప్పుడు జంతువులు ఇసుకలో చెలమ తవ్వుకుని, అందులో ఊరిన నీళ్లు తాగుతాయి. చెలమ చెడిందని అనుమానం వస్తే అక్కడ ఒక కట్టుబాటు ఉంది. చుట్టూ ముళ్లకంప వేస్తాయి. వానాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి, నడి ఎండాకాలం ఒకసారి కోరయ్య అనే ముసలి అడవిపంది వాసన చూస్తాడు. మూడుసార్లూ బాగుంటే కంప తీసేస్తాయి. ఒక్కసారి వాసన తగిలినా సరే, అన్నీ కలిసి చెడ్డ మట్టినంతా తవ్వి, దూరంగా బండల గుంటలో పోసి రావాలి. డీజిలు ఒలికిన చోట ఉన్న చెలమకూ అలాగే కంప వేశాయి.

"ఇన్నాళ్లు ఆగడం ఎందుకు మామా? ఇప్పుడే తవ్వేద్దాం" అంది ముళ్లపంది.

"ఒడ్డంతా తవ్వడమంటే మాటలా? కొంచెం గడువిస్తే నేల తనంతట తానే కడుక్కోవచ్చు. చూద్దాం" అన్నాడు కోరయ్య.

అందులో తప్పేమీ లేదు. చూస్తానన్నవాడు చూడాలి, అంతే.

వానాకాలం వచ్చింది. చెలమ నిండా కొత్తనీళ్లు. కోరయ్య ముట్టె ఆనించి గట్టిగా పీల్చాడు. వాసన లేదు. చలికాలంలోనూ పీల్చాడు. అప్పుడూ లేదు.

"మా కోరయ్య మామ ముక్కంటే ముక్కే!" అన్నాయి కోతులు. ఆయన ఉబ్బిపోయాడు.

మాఘమాసం వెళ్లేసరికే వాగు ఎండింది. కొండ అవతల ఒక మడుగు ఉంది కానీ, అక్కడ చిరుతపులి కాపు కాస్తుంది. చుక్కమ్మ అనే జింక నెల నిండని తన కూనను వెంటబెట్టుకుని వచ్చింది.

"మామా, దీనికి నా పాలు చాలడం లేదు. ఈ నీళ్లు తాగించనా, కొండ దాటనా? నువ్వెలా చెబితే అలా చేస్తాను" అంది.

కోరయ్య ఆలోచించాడు. మూడో వాసనకు ఇంకా రెండు నెలలు ఆగాలి. అప్పుడు గానీ వాసన తగిలిందా, మండుటెండలో అందరితో మట్టి మోయించాలి. అందరూ తననే తిడతారు. అయినా రెండుసార్లు బాగున్నవి మూడోసారి చెడతాయా?

"తాగించమ్మా, భయం లేదు" అని తానే కంపను పక్కకు నెట్టేశాడు.

"మరి మూడోసారి చూడవా మామా?" అంది ముళ్లపంది.

"నా ముక్కుకే పాఠాలు చెబుతావా?" అని కసిరాడు కోరయ్య.

ఎండలు ముదిరాయి. చెలమలో నీళ్లు అడుగుకు దిగాయి. అన్నాళ్లూ మట్టిని పట్టుకుని దాక్కున్న డీజిలు నీళ్ల వెంటే దిగి, బొట్టు బొట్టుగా చెలమలోకి ఊరింది. చుక్కమ్మకు వాసన తగలకపోలేదు. కోరయ్య మామే చెప్పాక ఇంకేముందిలే అనుకుంది. కూనకు అదీ తెలియదు. పుట్టాక అది తాగినవి ఆ నీళ్లే. నీళ్లంటే అలాగే ఉంటాయనుకుంది.

నాలుగు రోజులు అది మేత ముట్టలేదు. ఐదోరోజు ఇసుకలో పడుకుని మళ్లీ లేవలేదు.

కబురు విని కోరయ్య పరుగున వచ్చాడు. చెలమ ఇంకా మూడడుగుల దూరం ఉందనగానే వాసన గుప్పున కొట్టింది.

"తప్పు నాదే చుక్కమ్మా" అన్నాడు.

"ఇంకా తెలియదు అని ఒక్క మాట అన్నా సరిపోయేది మామా" అంది చుక్కమ్మ. "చిరుతైతే భయపడేదాన్ని, బిడ్డను తీసుకుని పరిగెత్తేదాన్ని. నువ్వు చెప్పావని ధైర్యంగా తాగించాను."

ఆ రోజే అందరూ తవ్వడం మొదలుపెట్టారు. కానీ ఆలస్యమైపోయింది. డీజిలు దిగువ ఇసుకలోకీ పాకింది. కోరయ్య ముట్టె చిట్లి రక్తం కారేదాకా తవ్వాడు. ఎక్కడ తవ్వినా అదే వాసన.

దాహానికి తాళలేక జంతువులన్నీ చిరుత ఉన్న మడుగు వైపే కొండెక్కాయి. చుక్కమ్మ ఒంటరిగా వెళ్లింది. దారి మంచిదో కాదో కోరయ్యను ఎవరూ అడగలేదు.

నీతి: నీ మాట నమ్మి ఇంకొకరు ప్రాణం పణంగా పెడతారని తెలిసినప్పుడు, పూర్తిగా చూడనిదాన్ని బాగుందని చెప్పకు.