బెజ్జం లేని తాటాకు

మఠం శిష్యుడు చెన్నవీరయ్యకు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ఆ మధ్యాహ్నం కోటవాకిట్లో అందరి ముందూ నిలబడి, అరచేతిలో విభూతి పట్టుకుని ప్రమాణం చేసి, చూశానని ఒక్క మాట చెప్పాలి. చెబితే గాజులు అమ్మే ఓబుళమ్మను కొండ అంచు మీద నుంచి తోసేస్తారు. ప్రాణం తీసే శిక్షకు మఠం మనిషి సాక్ష్యం ఉండి తీరాలని ఆ పాళెంలో పాత కట్టడి. మఠంలోవాళ్ళు అబద్ధమాడరని ఊరి నమ్మకం. ఆ నమ్మకమే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది.

సంగతేమిటంటే, ఎనిమిది రోజుల కిందట, దీపాలు పెట్టే వేళకు, ఆ కొండకోటను ఏలే పాళెగాడి జొన్నల గాదె తగలబడిపోయింది. పైన తాటాకు కప్పు, లోపల ఎండు గింజలు, చూస్తుండగానే అంతా బూడిద. ఏడాది తిండి పోయేసరికి ఊరికి వణుకు పుట్టింది. అవతలి పాళెం వేగులు మనలోనే ఉన్నారని పాళెగాడి సైన్యాన్ని నడిపే దళవాయి చాటింపు వేయించాడు. వీధికి రెండు పేర్లు ఇమ్మన్నాడు. జనం నాలుగేసి ఇచ్చారు. కావలివాడెవడో చుట్ట తాగి పారేసి ఉంటాడని ఒక ముసలాయన నోరు జారాడు. మర్నాటికి ఆయన పేరూ చేరింది, ఆయన ఇంటి దూలాలు వీధిలో పడ్డాయి. ఆ తరవాత ఎవరూ నోరు మెదపలేదు, పేర్లు చెప్పడానికి తప్ప.

ఓబుళమ్మ రెండు పాళేలూ తిరిగి గాజులు తొడుగుతుంది. అంతకంటే ఏం కావాలి?

ఆ సాయంత్రం చెన్నవీరయ్య చెలమ నుంచి నీళ్ళు తెస్తూ, గాదె వైపు ఎవరో నెత్తిన గంపతో పోవడం చూశాడు. మొదటి రోజు అడిగిన దళవాయి మనుషులతో అంతే అన్నాడు. ఆడమనిషేనా అన్నారు. అయుండొచ్చు అన్నాడు. గాజుల చప్పుడు వినబడిందా అన్నారు మర్నాడు. ఆలోచిస్తే వినబడినట్టే ఉంది. మూడోనాటికి ఆమె కట్టిన ఎర్రచీర కూడా కళ్ళకు కట్టింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, ఓబుళమ్మ వెనక్కి తిరిగి అతన్నే చూస్తోంది. తను అబద్ధం చెప్పడం లేదు. మరి ముద్ద ఎందుకు దిగడం లేదో అతనికి అంతుపట్టడం లేదు.

మఠం పంచలో గురువు మరుళయ్య గ్రంథం ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. మాటలు బహు పొదుపు.

"అయ్యవారూ, నేను సూసినానా, సూడలేదా?"

"నన్నడుగుతావేం నాయనా?"

"నాకే తెలిస్తే మిమ్మల్ని ఎందుకడుగుతా? కండ్లకు కనబడతానే ఉండాది. మనసేమో ఒప్పుకోదు. సూసినానంటే ఆమె పోతాది. లేదంటే నేనూ అవతలి పక్కోణ్ణే అంటారు. మీరే ఏదో ఒకటి చెప్పండి."

గురువు లేచాడు. లోపలికి పోయి ఓ తాటాకు ముక్క తెచ్చి చేతికిచ్చాడు. దాని ఒక కొస కాలి ఉంది.

"పొద్దున గాదె కాడ దొరికింది. మసి పూసి, ఏముందో చదువు."

చెన్నవీరయ్య మసి ప్రమిదను దగ్గరికి లాక్కున్నాడు. అది అతని చేతులకు అలవాటైన పనే. గంటంతో గీసిన రాత ఉత్త కంటికి ఆనదు. దీపం మసిని నూనెలో కలిపి రుద్ది, పైపైన తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు తేలతాయి. ఆ పనిలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పురుగు కొట్టిన ఆకుల్ని, సగం చెరిగిన పంక్తుల్ని పూరించి చదివేస్తాడని దూరపు మఠాల వాళ్ళు కూడా గ్రంథాలు పంపేవారు. ఆ సంగతి అతనికీ బాగానే తెలుసు. రోజుకొకసారైనా గుర్తు చేసుకునేవాడు.

మసి రుద్దాడు. గుడ్డతో తుడిచి వెలుగులోకి పట్టాడు. సన్నటి వంకర్లు తేలాయి.

"ఓ..." అన్నాడు. ఆకును ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఓబు... ఓబుళ... ఇక్కడ కాలిపోయింది... చేత పంపినాము."

చెప్పుకోవడానికి సిగ్గయినా, ప్రాణం తేలికపడింది.

"అయ్యవారూ! అయితే నేను సూసింది నిజమే!"

"బాగా చదివినావు" అన్నాడు గురువు. "బెజ్జం ఏదీ?"

"ఏం బెజ్జం?"

"దారం గుచ్చే బెజ్జం నాయనా."

చెన్నవీరయ్య ఆకును అటూ ఇటూ తిప్పాడు. బెజ్జం లేదు. అంచులు కోసి లేవు. పసుపునీళ్ళలో ఉడికించి ఆరబెట్టిన నున్నదనం లేదు. ఈనె కూడా తీయలేదు. ఇరవయ్యేళ్ళుగా రోజూ ఆకులు పట్టిన వేళ్ళవి. ఇంత ముతక ఆకు చేతిలో పెడితే ఒక్క వేలైనా పసిగట్టలేదు.

"ఇది... రాసే ఆకు కాదు."

"గాదె కప్పు మీది ఆకు. పదేండ్లు ఎండకూ వానకూ పడుండాది. పురుగులు తిరిగినాయి. అంతే."

చెన్నవీరయ్య మళ్ళీ చూశాడు. ఈసారి పురుగుగీతలే కనిపించాలి కదా. కనిపించలేదు. 'ఓ' అలాగే ఉంది. దాని పక్కన 'బు' అలాగే ఉంది. కళ్ళు నులుముకుంటే మసి పడి భగ్గున మండాయి.

"ఇంగా కనబడతానే ఉండాది అయ్యవారూ!" అన్నాడు ఏడుపుగొంతుతో.

"కనబడతాది" అన్నాడు గురువు. ఉత్తరీయం భుజాన వేసుకుని, ఇంకో మాట లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చెన్నవీరయ్య ఆ ఆకును పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కోట డప్పు మోగాక గాని లేవలేదు.

కోటవాకిట్లో ఊరంతా ఉంది. నడిమధ్య ఓబుళమ్మను చేతులు కట్టి కూర్చోబెట్టారు. గాజులు పగలగొట్టినట్టున్నారు, మణికట్ల మీద నెత్తురు చారలు. ఆమె చుట్టూ పది బారల మేర పిట్ట లేదు. మొన్నటిదాకా ఆమెతో గాజులు తొడిగించుకున్న ఆడవాళ్ళు చేతులు కొంగుల్లో దాచుకుని నిలబడ్డారు.

ఆ ఖాళీలో, ఓబుళమ్మ పక్కన, మరుళయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అయ్యవారూ, మీకు ఇక్కడ పీట వేయించినాం" అంటున్నాడు దళవాయి.

"ఇక్కడ బాగానే ఉండాది నాయనా" అన్నాడాయన.

చెన్నవీరయ్య అరచేతిలో విభూతి పోశారు. అతని చేతికంటిన మసి తగిలి అది నల్లబడింది.

"ఏమయ్యా చెన్నవీరయ్యా" అన్నాడు దళవాయి. "గాదె కాడ ఈమెను సూసినావా?"

"గంప సూసినా. ఎవరో ఒక మనిషిని సూసినా. ఎవరో నాకు తెలీదు."

"మొన్న ఈమేనన్నావే!"

"ఇప్పుడూ ఈమే కనబడతాంది, దళవాయీ. అయినా నాకు తెలీదు."

దళవాయి పళ్ళు కొరికాడు. మఠం సాక్ష్యం లేదు గనక ఆమెకు శిక్ష లేదన్నాడు. కట్లు విప్పమన్నాడు. ఓబుళమ్మ విడిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

అప్పుడు వెనక నుంచి ఎవరో అరిచారు.

"వీడూ వాళ్ళ మనిషే!"

ఆ గొంతు ఎవరిదో పోల్చుకునేలోగా ఇంకో పది గొంతులు కలిశాయి. ఆ పైన లెక్క లేదు. చెన్నవీరయ్య పేరు వాకిలంతా మారుమోగింది. అతనికి కుడిపక్కన ఉన్నవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ఎడమపక్కన ఉన్నవాడు, రోజూ మఠానికి పాలు పోసేవాడు, తలకాయ తిప్పుకుని తప్పుకున్నాడు. అతని చుట్టూ నేల ఖాళీ అయిపోయింది. ఎటు పోవాలో తెలియలేదు.

మరుళయ్య భుజం మీది ఉత్తరీయం తీసి, తన పక్కన నేల మీద పరిచాడు.

"రా నాయనా" అన్నాడు. "నీకు చోటు పట్టి పెట్టినా."