స్నానాలగది కిటికీకి వెదురు తెర

"చిదంబరం!"

పెరట్లోంచి వచ్చిన ఆ పిలుపుకి పారాయణం మధ్యలో ఆగిపోయింది. ఆ ఆశ్రమంలో పెద్ద శిష్యుణ్ణి అందరూ అన్నగారనే పిలుస్తారు. పేరు పెట్టి, అదీ అంత గొంతుతో పిలిచింది వకుళ. జుట్టులోంచి ఇంకా నీళ్ళు కారుతుండగా లోపలికి వచ్చి, చేతిలోని వెదురు తెరను చాపల మధ్య విసిరేసింది. మేకులతో సహా ఊడబీకినట్టుంది, కొసలకి గోడ సున్నం పెచ్చులు అంటుకుని ఉన్నాయి.

"నేను బట్టలు కట్టుకుంటుంటే ఆ సత్రం మెట్ల మీంచి ఎవడో, ఇవాళ అప్పుడే అయిపోయిందా అని అడిగాడు. తీసుకెళ్ళి మీ గదికి కట్టుకోండి."

చిదంబరం నెమ్మదిగా లేచాడు. అతని ముఖం ఎప్పట్లాగే తెల్లవారుజామున కోనేట్లో నీళ్ళంత నిశ్చలంగా ఉంది. వేలు తీసి పెదవుల మీద పెట్టాడు. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఆ పూటంతా మౌనం పట్టాలన్నది అక్కడి నియమం. ఆ నెలలో వకుళ మాట్లాడిన రోజులకంటే మౌనం పట్టిన రోజులే ఎక్కువ. ఈసారి అతను ఇంకో మాట కూడా అన్నాడు. ఆశ్రమం నడిపే అమ్మగారు మధ్యాహ్నానికి వస్తున్నారు, వకుళ తన పెట్టె సర్దుకుని ఉంటే మంచిదని.

ఆమెకి వెళ్ళడానికి వేరే చోటు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా పారాయణం మళ్ళీ మొదలైంది.

అసలు సంగతి ఇది. ప్రహరీ అవతల సత్రంవాళ్ళు కొత్తగా మేడ వేశారు. దాని మెట్లు సరిగ్గా ఆడవాళ్ళ స్నానాలగది కిటికీకి ఎదురుగా వచ్చాయి. అమ్మగారు ఊరూరా ప్రవచనాలకి బయలుదేరుతూ, ఆ కిటికీకి ఏదైనా వేయించమని చిదంబరానికి చెప్పి వెళ్ళారు. వకుళ రబ్బరు పూసిన మందపాటి గుడ్డ తెర అడిగింది. కిందికి లాగితే ముసుగేసినట్టుంటుంది, తడిసినా తుడిస్తే పోతుంది అంది. అది ఆసుపత్రిలా ఉంటుందన్నాడు చిదంబరం. సన్నటి పుల్లలు అల్లిన వెదురు తెర తెచ్చాడు. నిజం చెప్పాలంటే అది చాలా అందంగా ఉండేది. పగటిపూట ఎండ దాంట్లోంచి జారి, తడిగచ్చు మీద బంగారు చారలు గీసేది. చూస్తే స్నానం మానేసి అక్కడే కూర్చోవాలనిపించేది.

కానీ కార్తీకమాసం. ఆశ్రమంలో ఆడవాళ్ళు చీకటితోనే లేచి, బల్బు వేసుకుని స్నానాలు చేస్తారు. బయట చీకటి, లోపల వెలుతురు. ఇక ఆ సన్నటి పుల్లలు ఏం దాచగలవు?

వకుళ మొదట మర్యాదగానే చెప్పింది. తాను మిట్టమధ్యాహ్నం స్వయంగా సత్రం మెట్లెక్కి చూశానని, లోపలంతా చీకటే తప్ప ఏమీ కనబడలేదని చిదంబరం అన్నాడు. రెండోసారి గొంతు పెంచి చెప్పింది. ఆమెకి మౌనం శిక్ష వేశాడు. ఆ తరవాత ఆమె నోరు తెరవడం ఆలస్యం, అతని వేలు పెదవుల మీదికి వెళ్ళేది.

అమ్మగారు వచ్చి ఇంకా కాళ్ళయినా కడుక్కోలేదు, చిదంబరం జరిగిందంతా చెప్పాడు. చివర ఎంతో వినయంగా అడిగాడు: "ఇన్నేళ్ళ సాధన తరవాత కూడా వకుళకి కోపం ఎందుకు పోలేదమ్మా?"

అమ్మగారు వకుళ వైపు చూశారు. ఆమె నియమం ప్రకారం పెదవి కదపలేదు. కళ్ళు మాత్రం రెండు నిప్పుకణికల్లా ఉన్నాయి. అమ్మగారు పెరట్లోకి వెళ్ళి కిటికీనీ, బల్బునీ, అవతలి మెట్లనీ చూసి వచ్చారు.

"ఆ తెర మళ్ళీ కట్టు," అన్నారు చిదంబరంతో. "నీ ప్రశ్నకి సాయంత్రం జవాబు చెప్తాను."

అతను సంతోషంగానే కట్టాడు. సంజె చీకటి పడింది. సత్రం మెట్ల మీద మామూలుగానే నలుగురు కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. అమ్మగారు అందర్నీ పెరట్లోకి పిలిచి, చిదంబరాన్ని ఆ గదిలోకి వెళ్ళి స్నానం చేసి రమ్మన్నారు. బల్బు తనే వేశారు.

చిదంబరం తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. జలుబుగా ఉందన్నాడు. వేణ్ణీళ్ళు తోడి ఉన్నాయన్నారు అమ్మగారు. ఇది ఆడవాళ్ళ గది కదా అన్నాడు. ఈ పూటకి పరవాలేదన్నారు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు, బల్బు ఆర్పేసి చెయ్యొచ్చా అని.

అమ్మగారి గొంతు అంత కరుకుగా పలకడం అక్కడెవరూ అంతకుముందు వినలేదు.

"ఎందుకు ఆర్పడం? ఏమీ కనబడదని నువ్వే అన్నావుగా."

అతని నుదుటి మీద చెమట మెరిసింది. తువ్వాలు భుజం మీంచి జారి తడిలో పడింది. దాన్ని తీయలేదు. అమ్మగారి దగ్గరికొచ్చి, ఒక్కరికే వినిపించేలా ఏదో గొణిగాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేశారు.

"నాకు కాదు. ఎవరి నోరు మూయించావో ఆమెకి చెప్పు. అందరికీ వినపడాలి."

చిదంబరం వకుళ వైపు తిరిగాడు. ఆమె ముఖంలోకి చూడడానికి ప్రయత్నించి, చూడలేక, ఆమె పాదాల దగ్గర మట్టిని చూస్తూ చెప్పాడు.

"కనిపిస్తుంది. తెర కట్టిన మర్నాడే నాకు తెలుసు. తెల్లవారుజామున పూలు కోయడానికి ఇటొచ్చి, చూశాను. చూసి వెంటనే తల తిప్పుకోలేదు. తెర మార్చాలంటే ఆ మాట చెప్పాల్సొస్తుందని, నువ్వు నోరెత్తినప్పుడల్లా మౌనం వేశాను."