ఆదెమ్మ ఉప్పుకుప్ప

యామిని సొంతంగా కెమెరా పట్టిన మొదటి సినిమా అది. పదిగంటల ఎండలో, ఉప్పు మడుల మధ్య, నిర్మాత ఆమె వెనకే నిలబడి ఒకటే పోరు. "ముఖం తెల్లగా రావాలమ్మా. లేదంటే రేపు ఇంకో కెమెరామన్‌ని తెచ్చుకుంటా."

ఆ ముఖం ఆదెమ్మది. ఆ మడుల్లోనే ఉప్పు తీసే మనిషి, సినిమాలో నాయిక కూడా ఆమే. నిగనిగలాడే నలుపు. వెనకాలే ఆమె తీసిన ఉప్పుకుప్ప.

యామిని మొండిఘటమే. కానీ మొదటి సినిమా చేజారిపోతుందంటే ఎవరికి భయముండదు? వెలుగు ఎక్కువ పడేలా లెన్సు తెరిచింది. మానిటర్‌లో ఆదెమ్మ తెల్లబడింది. నిర్మాత మొహం వెలిగింది.

షూటింగ్ చూడ్డానికి వచ్చిన మస్తాన్ గారు పక్కనే గొడుగు కింద కూర్చున్నారు. యామిని ఆరేళ్ళు పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. ఆయన నోరు విప్పకముందే అందుకుంది. "ఈ కెమెరాకి పద్నాలుగు స్టాపుల డైనమిక్ రేంజ్ ఉంది సార్. తర్వాత సర్దుకోవచ్చు."

"డైనమిక్ రేంజ్ అంటే?"

ఆయనకి తెలియకనా! ఆమెకి ఒళ్ళు మండింది. "చీకటి నుంచి కళ్ళు చెదిరే వెలుగుదాకా, రెండు కొసలూ చెరిగిపోకుండా కెమెరా పట్టుకోగలిగినంత మేర. మీరు నేర్పిందే కదా!"

మస్తాన్ గారు ఆదెమ్మని పిలిచి మానిటర్ చూపించారు. "ఇందులో మీ కుప్ప ఏదమ్మా?"

ఆదెమ్మ తన ముఖం వంక చూసుకోనే లేదు. వెనకాల వెతికింది. వంగి మళ్ళీ వెతికింది.

"మా ఉప్పేదయ్యా? రెండు నెలలు ఎండలో మాడి తీసిందే! ఈడ తెల్లగుడ్డ కట్టారేంది?"

యామిని చూసింది. నిజమే. కుప్ప లేదు, గట్టు లేదు, ఆకాశమూ లేదు. అలా కాలిపోయిన తెలుపుని ఏ యంత్రమూ వెనక్కి తేలేదని తనే పదిమందికి చెప్పింది.

లెన్సు మెల్లగా మూస్తూ వచ్చింది. గట్టు కనిపించింది. కుప్ప కనిపించింది, దాని మీద రవ్వ రవ్వా కనిపించింది. వాటి ముందు ఆదెమ్మ నల్లగా నిలబడింది, చెంప మీద ఆరిపోయిన చెమట చారతో సహా.

"అదిగో, నాదే!" అంది ఆదెమ్మ.

"నల్లగా ఉంది!" నిర్మాత అరిచాడు.

"అవునండీ. ఆవిడ నలుపే."

"రేపు నువ్వుండవు."

"ఇవాళ ఉన్నాను కదండీ. కాస్త పక్కకి జరగండి, మీ నీడ పడుతోంది."

మస్తాన్ గారు గొడుగు సర్దుకున్నారు. "ఇప్పుడు చెప్పు తల్లీ, డైనమిక్ రేంజ్ అంటే?"

యామిని కెమెరాకి కన్ను ఆనించి, "రోలింగ్" అంది.